మూడో నిబంధన: ‘మోటారుబోధిని’ వ్యాఖ్యతో

అవతారిక

హైదరాబాదులో మధురానగర్ కావచ్చు, మల్కాజిగిరి కావచ్చు. ఓనరు కింద ఉంటూ పై రెండంతస్తులూ కిరాయికిచ్చే ఇండిపెండెంటు ఇంట్లో మెట్ల కిందికి వంగి చూస్తే, మోటారు స్విచ్చికీ కరెంటు మీటర్లకూ మధ్య లామినేషన్ చేసిన కాగితం ఒకటి అతికించి ఉంటుంది. పైన ‘గమనిక’, కింద ‘ఇట్లు, హౌస్ ఓనరు’, నడుమ నిబంధనలు. మొదటిది, అద్దె ఐదో తారీఖులోపు ఇవ్వాలని. రెండోది, రాత్రి పదిన్నరకు గేటుకు తాళమని. ఇవి పసిపిల్లలకైనా బోధపడతాయి గనుక వ్యాఖ్యాతలు వీటి జోలికి పోలేదు. నాలుగోది మొదలు చివరిదాకా గోడకు మేకులు, మెట్ల మీద చెప్పులు, డాబా మీద వడియాలు వగైరా లౌకిక విషయాలు. చిక్కంతా మూడోదాన్లో ఉంది.

వ్యాఖ్యానం అనగానే కోలాచలం మల్లినాథసూరి తలపుకొస్తాడు. ఆయనది మన మెదక్ జిల్లా కొల్చారమే అంటారు. కాళిదాసు కావ్యాలకు సంజీవని రాసిన ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. అద్దె ఇంటి నిబంధనకు టీక రాసేవాడికి ఆ ఒట్టు కుదరదు. ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ. కిరాయిదారు బతుకంతా ఆ లేనిదాని మీదే నడుస్తుంది.

మూలం

3. రాత్రిపూట గెస్టులు ఉండరాదు. ఉన్నచో ముందుగా చెప్పవలెను. రెండు రోజులు దాటిన నీళ్ళ చార్జి వేరు. బ్యాచిలర్లకు అసలు లేదు.

ప్రతిపదార్థం

రాత్రిపూట = గేటుకు తాళం పడింది మొదలు పాలప్యాకెట్లు వచ్చేదాకా; గెస్టులు = అగ్రిమెంటులో పేరు లేనివారును, పేరున్నా ఓనరు మొహం ఆనవాలు పట్టనివారును; ఉండరాదు = పడుకోరాదు, తలస్నానం చేయరాదు, ముఖ్యంగా బట్టలు ఉతకరాదు; ఉన్నచో = ఉంటారని తెలిసే రాసితిమి గనుక, ఉన్నచో; ముందుగా = వారు ఊళ్ళో బస్సెక్కకముందే; చెప్పవలెను = అడగవలెను; రెండు రోజులు = ఓనరు లెక్కన రెండు రోజులు; దాటిన = దాటబోతున్నట్టు తోచిన; నీళ్ళ చార్జి = నీళ్ళ పేరిట ఓనరు మనసుకు కలిగిన కష్టానికి వెల; వేరు = ఎంతో చెప్పబడదు; బ్యాచిలర్లకు = పెళ్ళికానివారికిని, పెళ్ళయినా భార్య పుట్టింటికి వెళ్ళినవారికిని; అసలు = వడ్డీ సంగతి దేవుడెరుగు; లేదు = కనబడకూడదు.

తాత్పర్యం

చుట్టాలు రాక మానరు. వచ్చినవాళ్ళను మీరు దాచలేరు, మేము చూడకుండా ఉండలేము. కాబట్టి మీరే చెప్పండి. వినకపోతే మోటారు మా చేతిలో ఉందని మరవద్దు.

ఏకవాక్యతా విచారం

మొదటి వాక్యం వద్దంటుంది, రెండోది చెప్పి ఉండమంటుంది, మూడోది డబ్బిచ్చి ఉండమంటుంది. ఒక్క సూత్రంలో ఇన్ని నాలుకలేమిటని కొత్తగా దిగిన కిరాయిదారు ఆక్షేపిస్తాడు. మీమాంసకులకు ఇలాంటివి కొత్త కాదు. వేదవాక్యాల్లో విరోధం కనబడితే ఏది విధి, ఏది వట్టి అర్థవాదం అని వేరుచేసి అన్నిటినీ ఒక వాక్యంగా కుదర్చడం వాళ్ళ విద్య. ఆ పద్ధతిన చూస్తే ‘ఉండరాదు’ అన్నది నిషేధం కానే కాదు, అర్థవాదం. భయం పుట్టించడానికి పెట్టింది. ‘చెప్పవలెను’ అన్నదే అసలు విధి. ‘చార్జి వేరు’ అన్నది ప్రాయశ్చిత్తం. అద్దె ఇళ్ళలో నిషేధాలన్నీ నిజానికి ధర చెప్పని అనుమతులే.

మరి మొదటి వాక్యం తీసేసి, చెప్పి ఉండండి అని మర్యాదగా రాస్తే సరిపోదా? సరిపోదు. అప్పుడు కిరాయిదారు చెప్పి ఊరుకుంటాడు. ఇప్పుడైతే మెట్ల మీద ఆగి, ఒక చేత్తో రెండో చెయ్యి నలుపుకుంటూ, ఓనరు భార్యతో “ఆంటీ, మా అత్తగారూ మామగారూ వస్తామంటున్నారు, కంటి డాక్టరుకు చూపించాలి, రెండే రోజులు” అని మొదలెడతాడు. ఆ నిలబడడంలో ఉన్న వినయం మొదటి వాక్యం వల్ల వచ్చిందే. రెండోదానికి అంత బలం లేదు.

‘రాత్రిపూట’

పగలు వచ్చినవాడు చుట్టం, రాత్రి ఉన్నవాడు గెస్టు. శ్రావణమాసంలో పై పోర్షన్‌లో వ్రతానికి ముప్ఫైమంది వచ్చి, చెప్పులు వీధిదాకా వదిలి, పిల్లలు మెట్ల కటకటాల మీద జారుతూ సాయంత్రందాకా హోరెత్తించినా ఓనరు పల్లెత్తు మాట అనడు. ఆంటీ స్వయంగా పైకొచ్చి తాంబూలం పుచ్చుకుని, పులిహోరలో ఇంగువ తక్కువైందని చెప్పి మరీ దిగుతుంది. ఆ ముప్ఫైమందిలో ఒక ముసలావిడ మోకాళ్ళనొప్పితో మెట్లు దిగలేక ఆ రాత్రికి ఆగిపోయిందనుకోండి, మర్నాడు పొద్దున్నే “ఎవరో ఉన్నట్టున్నారే” అన్న మాట పైపు గుండా నీటికంటే ముందు పైకి చేరుతుంది.

సంధికాలం విషయంలో వ్యాఖ్యాతలు ఒక్కమాట మీద లేరు. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడ్డ బావమరిది రాత్రి గెస్టా, పగటి చుట్టమా? పాలప్యాకెట్ల కంటే ముందొస్తే రాత్రివాడేనని ప్రాచీనులు. తాళం తీయమని ఓనరును లేపితేనే రాత్రివాడని నవీనులు. ప్రహరీ దూకి వచ్చినవాడి గురించి ఇద్దరూ మౌనం వహించారు. ఆ ప్రహరీ దూకనివాడు ఈ నగరంలో చదువుకోలేదని మాత్రం చెప్పగలను.

‘రెండు రోజులు’ అన్నచోట ధర్మశాస్త్రాన్ని తప్పక చూడాలి. ఒక్క రాత్రి ఉండేవాణ్ణే అతిథి అనాలని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. మన ఓనరు రెండు రోజులిచ్చాడు. ఆ మేరకు మనువు కంటే ఉదారుడు. అయితే అదే అధ్యాయం వచ్చినవాడికి ముందు ఆసనమూ నీళ్ళూ ఇచ్చి, శక్తికొద్దీ అన్నం పెట్టమంటుంది. ఆసనం కిరాయిదారు ఇస్తాడు, అన్నం అతని భార్య వండుతుంది. పేచీ నీళ్ళ దగ్గర.

ఇక లెక్క. శనివారం రాత్రి తొమ్మిదికి దిగి సోమవారం పొద్దున ఆరింటికి బయల్దేరినవాడు ఎన్నిరోజులున్నట్టు? నిండా ఉన్నది ఆదివారం ఒక్కటే గదా అంటాడు కిరాయిదారు. ఓనరు పంచాంగకర్త మార్గంలో పోతాడు. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అయినట్టు, సూర్యోదయానికి ఇంట్లో ఉన్నవాడు ఆ రోజంతా ఉన్నట్టే. సోమవారం సూర్యుడు ఉదయించేసరికి మనిషి బాత్రూములో ఉన్నాడు. శనివారం రాత్రి భోజనం ఎలాగూ ఉంది. వెరసి మూడు.

‘నీళ్ళ చార్జి’

ఈ మాటను పైపైన చదివి ఓనరు డబ్బాశ కలవాడని తేల్చేసినవారున్నారు. లెక్క వేసి చూద్దాం. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళు కావాలన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. హైదరాబాదులో జలమండలి 2021 జనవరి నుంచి ఇళ్ళకు నెలకు 20,000 లీటర్లదాకా ఉచితమంది. నలుగురున్న సంసారానికి ఆ ప్రమాణం చొప్పున నెలకు 16,200 లీటర్లు పోతే, 3,800 లీటర్లు మిగులుతాయి. అంటే ఒక్క గెస్టు 28 రోజులు ఉచితంగా స్నానం చేస్తూ కూర్చోవచ్చు. ఈ లెక్క పుట్టింటినుంచి ఎవరొచ్చినా ఇల్లాళ్ళకు కంఠస్థంగా ఉండదగ్గది.

కానీ అది ఇంటికి వేరే కుళాయి ఉన్నవాడి మాట. మన ఇంట్లో ఓనరుతో కలిపి మూడు పోర్షన్లు, పన్నెండుమంది, కనెక్షన్ ఒక్కటే. ఆ ప్రమాణమే పట్టుకుంటే నెలకు 48,600 లీటర్లు. గెస్టు మూడు రోజులకు వాడేది 405. నూటికి ఒక వంతు కూడా కాదు. అంతమాత్రానికి నిబంధన రాసి, దాన్ని లామినేషన్ చేయించాల్సిన పనేముంది?

హేతువు డబ్బు కాదు, మోటారు. మంజీర నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. (వచ్చేవి కృష్ణవైనా గోదావరివైనా పాతవాళ్ళకు అన్నీ మంజీరే.) వచ్చినప్పుడు సంపు నిండాలి, సంపులోంచి పైన ట్యాంకుకు ఎక్కించాలి. ట్యాంకు నిండిందని చూసుకునేది ఆంటీ ఒక్కతే. డాబా గొట్టంలోంచి నీళ్ళు జారిన చప్పుడు వినబడితే ఆవిడ పూజలోంచైనా లేస్తుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిదింటిదాకా అందరూ ఒక్కసారే స్నానాలకు దిగే ఆ రెండు గంటల్లో అదనంగా ఒక మనిషి నిలబడ్డాడంటే ట్యాంకు ఎనిమిదింపావుకే ఒట్టిపోతుంది. సబ్బు మొహంతో పైనుంచి “ఆంటీ, మోటార్!” అన్న కేక వస్తుంది. ఆ కేకే గెస్టుకు తిరుగులేని సాక్ష్యం. నీళ్ళ చార్జి అన్నది ఆంటీ మెట్ల కిందికి వంగి స్విచ్చి వేసినందుకు కూలి. ఎంతో రాయకపోవడం కూడా అందుకే; నడుంనొప్పికి వెలకట్టడం ఎవరివల్ల అవుతుంది?

కరెంటు సంగతి సూత్రకారుడు ఎత్తనే లేదు. ఎవరి మీటరు వారిది గనుక అది కిరాయిదారు కర్మ. 2024 మార్చి నుంచి తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు ఇళ్ళకు సున్నా బిల్లు వస్తున్నది, కిరాయిదార్లకు కూడా. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. మామగారు వేడినీళ్ళు తప్ప పోసుకోరని గీజరు పొద్దస్తమానం వేసి ఉంచితే మీటరు 200 గీత దాటుతుంది. ఆ నెల అల్లుడి మొహం మామగారికి ఎందుకు అలా కనబడిందో మూలంలో లేదు గానీ బిల్లులో ఉంటుంది.

‘గెస్టులు’

ఈ సూత్రానికి ప్రాణమంతా ఈ పదంలో ఉంది. పరాయివాళ్ళను రానీయకూడదని ఓనరు మూడో నిబంధన రాశాడు. దాని ఫలితంగా ఊళ్ళో పరాయివాడన్నవాడే లేకుండా పోయాడు. అమీర్‌పేటలో కోర్సుకని వచ్చిన శ్రీకాకుళం కుర్రాడికీ, అతని గదిలో ఇంటర్వ్యూ ముందురోజు తలదాచుకున్న కర్నూలు కుర్రాడికీ తాతల తరంలో ఏ సంబంధమూ లేదు. మెట్లెక్కేసరికి ఇద్దరూ అన్నదమ్ములవుతారు.

“ఎవరు బాబూ వచ్చింది?”

“మా పెద్దమ్మ కొడుకండీ ఆంటీ.”

“పోయిన నెల వచ్చిందీ పెద్దమ్మ కొడుకే అన్నావు.”

“ఆయన పెద్ద పెద్దమ్మ కొడుకండీ. ఇతను చిన్న పెద్దమ్మ కొడుకు.”

“మీ అమ్మకు ఎంతమంది అక్కలు బాబూ?”

ఇక్కడ కుర్రాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అది చాలు ఆంటీకి. అయినా ఆవిడ ఇంకేమీ అనలేదు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నిజం చెప్పి ఉంటే ఆవిడ వద్దని తీరాలి, ఆ కుర్రాడు సూట్‌కేసుతో రాత్రి పదకొండింటికి బస్టాండుకు పోవాలి. పెద్దమ్మ కొడుకు అనేసరికి ఆవిడకు ఊరుకునే దారి దొరికింది. ఈ వావి ఎవరినీ మోసగించడానికి పుట్టింది కాదని, పరువుగా తప్పించుకోవడానికి ఇరువురూ ఒప్పుకున్న వావి అని గ్రహించాలి. శాస్త్రంలో దత్తుడు, క్రీతుడు అంటూ కొడుకులను పన్నెండు రకాలు చెప్పారు. పదమూడో రకం గేటు దగ్గర పుట్టే పెద్దమ్మ కొడుకు. వీడికి ఆస్తిలో వాటా లేదు, చాప మీద మాత్రం ఉంది.

వావులన్నీ సమానం కావు. బాబాయి కొడుకు కంటే పెద్దమ్మ కొడుకు మేలు. బాబాయిలంటే ఇంటిపేరు కలవాలి, ఆంటీ అడిగితే చిక్కు. మేనమామ కొడుకు ఇంకా మేలు. కిరాయికి ఉన్నది ఆడపిల్ల అయితే ఏ వావీ నిలవదు. నిజంగా తోడబుట్టినవాడే ఊరినుంచి పచ్చడి జాడీతో వచ్చినా, “మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడించు తల్లీ” అంటుంది ఆంటీ. అదే ప్రశ్న అబ్బాయిని అడగదు. ఇద్దరూ కట్టేది ఒకే అద్దె, గోడ మీద ఉన్నదీ ఒకే కాగితం. ఆడపిల్ల దగ్గరకొచ్చేసరికి అన్నయ్య అన్న వావికి కూడా హామీ సంతకం కావాల్సి వస్తున్నది.

ఎవరొచ్చినా ఆంటీ రెండో ప్రశ్న ఒకటే: “వాళ్ళింటి పేరేమిటి?” దీన్ని కుశలప్రశ్నగా తీసుకోవాలని కొందరు వ్యాఖ్యాతలు. ఇంటిపేరు చెప్పగానే మొహం విప్పారడమో బిగుసుకోవడమో జరిగేది కుశలం విన్నందుకు కాదని అందరికీ తెలుసు. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడే “మీరేమిట్లు?” అని అడిగి తెలుసుకున్న సంగతిని చుట్టాల ద్వారా సరిచూసుకోవడం ఇది. కోడికూర వాసన, నమాజు టోపీ, మెళ్ళో సిలువ, వీటిలో ఏ ఒక్కటీ గోడ మీది కాగితంలో లేదు. ఖాళీ చేయమన్నప్పుడు మాత్రం కారణం ‘గెస్టులు ఎక్కువయ్యారు’ అనే ఉంటుంది. ఈ పదానికి ఉన్న ప్రయోజనాల్లో అన్నిటికంటే నీచమైనది ఇదేనని నా అభిప్రాయం. ప్రాచీన వ్యాఖ్యాతలు దీన్ని దాటవేశారు.

ఈ నియమానికి ఉన్న ఒక్క పెద్ద అపవాదం అమ్మ. కిరాయిదారు తల్లి వస్తే రెండు రోజుల లెక్క లేదు, నీళ్ళ చార్జి లేదు. ఆంటీ కుర్చీ వేసి కూర్చోబెడుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైన మాటలు గేటు తాళం వేళ కూడా దాటిపోతాయి. ఆవిడ వెళ్ళేనాటికి అబ్బాయి జీతం, పెళ్ళి సంబంధాలు, చెల్లెలి కానుపు, అన్నిటికీ మించి అమ్మకు ఎంతమంది అక్కలో కూడా ఓనరుకు అందిపోతాయి.

పూర్వపక్షం

పై పోర్షన్‌లో లా చదివే కుర్రాడొకడు ఉంటాడు, ఉండాలి. వాడు లేని ఇంట్లో వ్యాఖ్యానం సాగదు. వాడి వాదం ఇది. అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలలకే ఎందుకు రాస్తారు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించమంటుంది గనుక. అంటే చట్టాన్ని తప్పించుకోవడంతోనే మన సంబంధం మొదలైంది. సరే, అయినా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దె సరిగా కడుతూ షరతులు పాటిస్తున్నవాడిని గడువు తీరేదాకా కదపకుండా ఉండనివ్వాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పదో సెక్షన్‌లో ఖాళీ చేయించడానికి కారణాలు వరసగా ఉన్నాయి: అద్దె ఎగ్గొట్టడం, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా వేరేవాళ్ళకు అద్దెకివ్వడం వగైరా. అత్తగారు రావడం అందులో లేదు. పోనీ అత్తగారిని సబ్‌టెనెంట్ అందామా? అలా అనాలంటే ఇంట్లో కొంతభాగమైనా ఆవిడ ఒక్కదాని స్వాధీనంలో ఉండాలి, ఆవిడ అద్దె ఇస్తుండాలి. పడుకునేది హాల్లో, పక్కన ఒకవైపు ఇస్త్రీ బల్ల, మరోవైపు మనవడి సైకిలు. ఇక అద్దె ఇవ్వడమా? రాగానే ఆటో డబ్బులు అల్లుడితోనే ఇప్పించింది.

వాడు అంతటితో ఆగడు. రాత్రిళ్ళు ఎవరొచ్చారో చూడ్డానికి తలుపు తట్టడమా! ఖరక్ సింగ్ కేసులో 1962లోనే, నిఘాలో ఉన్న మనిషి ఇంటికి పోలీసులు రాత్రిపూట వెళ్ళి తలుపు తట్టడం చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. పోలీసులకే లేని అధికారం ఓనరుకెక్కడిది? 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఇంట్లో అడుగుపెట్టాలంటే ఓనరు 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలంటుంది.

సిద్ధాంతం

కుర్రాడి వాదంలో తప్పులేదు, చిల్లులున్నాయి. రాజ్యాంగం పోలీసును ఆపినంత తేలిగ్గా పక్కింటివాణ్ణి ఆపదు. నమూనా చట్టం నమూనాయే. రాష్ట్రం తనదిగా చేసుకుంటే తప్ప గోడ మీది కాగితం దానికంటే బలమైంది. అద్దె నియంత్రణ చట్టం కొత్త ఇళ్ళకూ పెద్ద అద్దెలకూ వర్తించదు. వాటిని మించిన సంగతి, ఏ సెక్షనూ పొద్దున ఏడున్నరకు ట్యాంకు నింపదు. కోర్టుకు పోతే రెండేళ్ళు, మోటారు ఆగితే రెండు గంటలు. ఏది ముందు తేలుతుందో వకీలు కాబోయేవాడికి ఒకరు చెప్పాలా!

ఓనరు పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే వ్యాఖ్య ఏకపక్షమవుతుంది. కాలనీలో కార్డన్ సెర్చ్ జరిగిన రాత్రి పోలీసులు ముందు తట్టేది ఆయన తలుపే. పైన ఎవరున్నారు, ఆధార్ కాపీ ఉందా, ఈ పడుకున్నతనెవరు అని అడిగితే బనియన్‌తో నిలబడి జవాబు చెప్పాల్సింది ఆయనే. “పెద్దమ్మ కొడుకట సార్” అంటే వాళ్ళు ఆంటీలా ఊరుకోరు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాడికి బస ఇస్తే 24 గంటల్లో ఫారం నింపి తెలియజేయాలన్న నియమం హోటళ్ళకే కాదు, ఇళ్ళకూ ఉంది. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పోసి కట్టుకున్న ఇల్లు, పై రెండు పోర్షన్ల అద్దెలే ఇద్దరి మందులకూ ఆధారం. అలాంటి మనిషికి గుర్తుతెలియని చెప్పుల జత చూస్తే గుండె దడ పుట్టడం సహజం. ఆయన భయం నిజమైందే. దాన్ని నీళ్ళ చార్జి అన్న ముసుగులో పెట్టడమే చిక్కు.

‘బ్యాచిలర్లకు అసలు లేదు’

ఇది ప్రక్షిప్తం. మొదటి మూడు వాక్యాలు డీటీపీ అక్షరాలు. ఇది లామినేషన్ మీద మార్కరుతో తర్వాత చేర్చింది. దీపావళికి ఇల్లు దులిపినప్పుడల్లా కొంత చెరిగి, మళ్ళీ దిద్దిన జాడలున్నాయి. రాసింది ఆంటీ అని కొందరూ, అంకులని కొందరూ. పాలచీటీలోని ‘ల’తో పోల్చి చూస్తే ఆంటీదేనని తేలుతుంది. ఏది ‘లేదు’ అన్నది అధ్యాహారం చేసుకోవాలి. గెస్టు లేడా, పర్మిషన్ లేదా, రాత్రి లేదా, నీళ్ళు లేవా? అన్నీ కుదురుతాయి. చిన్నయసూరి అయితే బహుళం అని ఊరుకునేవాడు.

పాఠాంతరాలు

హాస్టళ్ళ ప్రతిలో ఈ సూత్రం మూడు ముక్కల్లో ఉంది: గెస్టుకు రోజుకింత, భోజనంతో అయితే ఇంత, మంచం లేదు. వ్యాఖ్య అక్కర్లేనంత విస్పష్టం. గౌరవించదగ్గది, గౌరవించాలనిపించనిది.

అమెరికా ప్రతి వేరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్ట్‌మెంటు లీజు తెలుగు నవలంత ఉంటుంది, అందులో గెస్టు ఇన్ని రోజులకు మించి ఉండరాదని ఒక క్లాజు. చాలాచోట్ల అది 14 రోజులు. అమ్మాయి కానుపుకు విజిటర్ వీసా మీద వెళ్ళిన తల్లికి విమానాశ్రయంలో మామూలుగా ఆరు నెలలు ఉండడానికి అనుమతి ఇస్తారు. దేశం ఆరు నెలలు ఉండమంటే అపార్ట్‌మెంటు రెండు వారాలంటుంది. న్యూయార్కు రాష్ట్రంలో మాత్రం కిరాయిదారు దగ్గరి కుటుంబసభ్యులు కలిసి ఉండడాన్ని లీజు కూడా అడ్డుకోకూడదని చట్టమే ఉంది. తక్కిన చోట్ల లీజింగ్ ఆఫీసుకు ఒక మెయిల్ పెడితే పని జరుగుతుందంటారు. అక్కడ మోటారు స్విచ్చి ఎవరి చేతిలోనూ లేదు గనుక సూత్రానికి పదును తక్కువ. కానీ పొద్దున్నే వాకింగ్‌కు బయల్దేరిన పెద్దాయనను ఆఫీసమ్మాయి నవ్వుతూ “హౌ లాంగ్ ఆర్ యూ స్టేయింగ్?” అని పలకరిస్తే, ఆయన జవాబు చెప్పకముందే కూతురు కంగారుగా “జస్ట్ విజిటింగ్” అంటుంది. మధురానగర్ మెట్లు ఎక్కడున్నా మెట్లే.

అనుక్తం

సూత్రంలో చెప్పకుండా వదిలేసిన సందర్భం ఒకటి మిగిలింది. ఓనరు కూతురి పెళ్ళి. వియ్యాలవారివైపు నుంచి బస్సు దిగిన జనం కింద పోర్షన్‌లో పట్టరు. ఫంక్షన్ హాలు గదులు పెళ్ళికొడుకు తరఫు ముఖ్యులకే సరిపోయాయి. రాత్రి పదకొండింటికి, అంటే గేటుకు తాళం పడాల్సిన వేళ దాటాక, అంకుల్ స్వయంగా పైకి వచ్చి తలుపు తడతాడు. చంకలో రెండు దిండ్లున్నాయి.

“బాబూ, మీకు ఇబ్బంది లేకపోతే మా వాళ్ళు నలుగురు ఈ రాత్రికి మీ హాల్లో నడుం వాలుస్తారు. పొద్దున్నే ముహూర్తం, నాలుగింటికే లేచి వెళ్ళిపోతారు.”

వీళ్ళు గెస్టులా? అగ్రిమెంటులో పేర్లు లేవు, గేటుకు తాళం పడే వేళ దాటింది, ముందుగా చెప్పనూ లేదు. అయితే ఎవరి గెస్టులు? పడుకునేది కిరాయిదారు ఇంట్లో గనుక అతని గెస్టులేనని ఒక పక్షం. ఓనరు ఇంట్లోనే పడుకున్నారు గదా, ఇల్లు ఆయనదే అని రెండో పక్షం. కిరాయిదారు మాత్రం ఏ పక్షమూ పట్టకుండా, అప్పటికి నాలుగు రోజులుగా హాల్లో పడుకుంటున్న ‘చిన్న పెద్దమ్మ కొడుకు’ను లేపి చాప వంటింట్లోకి మార్చమన్నాడు. అంకుల్ ఆ కుర్రాణ్ణి చూశాడు, కుర్రాడు అంకుల్‌ను చూశాడు. “నువ్వూ పెళ్ళికి రా నాయనా,” అన్నాడు అంకుల్. వచ్చినవాళ్ళు నలుగురన్నది ఎనిమిదిమంది అయ్యారు. తెల్లవారుజామున మూడున్నరకు ట్యాంకు ఒట్టిపోయింది. మోటారు వేయడానికి ఆంటీ లేదు, ఫంక్షన్ హాల్లో ఉంది. స్విచ్చిపెట్టె తాళంచెవి ఆవిడ కొంగుకుంది. వియ్యాలవారి మేనమామ ఒంటినిండా సబ్బుతో బాత్రూములోంచి “ఎవరండీ, మోటారెవరిదండీ?” అని కేకలు వేస్తుండగా, చిన్న పెద్దమ్మ కొడుకు రెండు బకెట్లతో మెట్లు దిగి, పక్కింటి ఓనరును లేపడానికి వెళ్ళాడు.